హైదరాబాద్ రాహుకాలం, లైప్‌జిగ్ పర్మిట్

జూన్, మంగళవారం రాత్రి

మేం ఈసారి వెళ్లాలనుకున్న దీవి దగ్గర డైవింగ్‌కి రోజుకి కొద్దిమందికే పర్మిట్ ఇస్తారు. మా ఉర్లాబ్ సెలవులకి సరిపడే తేదీలు ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఆన్‌లైన్‌లో పెట్టారు. రెండేళ్లుగా ఈ జర్మనీ సరస్సులో, చలికి పళ్లు టకటకలాడుతుంటే నేను డైవింగ్ నేర్చుకున్నది దీనికోసమే. వివరాలన్నీ నింపేశాను. బటన్ నొక్కడమే తరువాయి.

"ఆగు, రాహుకాలం నడుస్తుంది," అన్నాడు మా ఆయన శ్రీకాంత్, ఫోన్‌లో హైదరాబాద్ పంచాంగం చూపిస్తూ. "నీళ్లల్లకు దిగే పని. నాలుగున్నర దాక ఆగితే ఏమైతది?"

ఏమైతదా? నాలుగున్నరకి ఒక్క పర్మిట్ కూడా మిగల్లేదు. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి వెయిటింగ్ లిస్టులో పేరు ఎక్కించేసరికి ఐదున్నరయింది.

భోజనాల దగ్గర మా అమ్మాయి, అసలు రాహుకాలం ఎలా లెక్కపెడతారని అడిగింది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేస్తారని, మంగళవారం అందులో ఏడోది రాహుకాలమని శ్రీకాంత్ గర్వంగా చెప్పాడు.

"ఆబర్... కానీ నాన్నా, ఇక్కడ సన్ పొద్దున ఐదింటికే వస్తది, రాత్రి తొమ్మిది దాక ఉంటది కదా!"

మళ్లీ లెక్కేశాం. ఇవాళ లైప్‌జిగ్‌లో రాహుకాలం ఐదుంబావు నుంచి ఏడుంబావు దాకా. అంటే మంచి వేళంతా వదిలేసి, సరిగ్గా రాహుకాలంలో వెయిటింగ్ లిస్టు ఎక్కాను!

ఇంత చదువుకున్న మనిషి! అంట్లన్నీ అతనికే వదిలేసి లేచాను.

కానీ ల్యాప్‌టాప్ నా ఒళ్లోనే ఉంది. ఆగమన్నది అతను, బటన్ మీంచి వేలు తీసింది నేను. తీశాక, రాహుకాలంలో నొక్కనందుకు ఎంత హాయిగా అనిపించిందో, అది మాత్రం అతనికి చెప్పలేదు.