చదవకుండా పెట్టిన సంతకం

నాచారం,
3 ఆగస్టు 1989

చిరంజీవి తారామణికి నాన్న ఆశీస్సులు.

ఏ ఉత్తరానికైనా ముందు విషయం, తరువాత సూచిక, ఆపైన సంగతి ఉండాలనీ, క్రమం తప్పిన ఉత్తరాన్ని అందనట్టే భావించాలనీ మా అసాధారణ శక్తుల నమోదు కార్యాలయం నియమం. ఇరవై రెండేళ్లుగా దానిని పాటించిన మనిషిని గనుక ఇప్పుడూ పాటిస్తున్నాను. విషయం: నిన్ను శాశ్వత నిల్వకు పంపే ఉత్తర్వు. సూచిక: దాని మీద ఉన్న నా సంతకం.

ఇక సంగతి. నీకు కోపం వస్తే దగ్గరున్న గాజు పగులుతుందని ఉప్పల్ బస్సులో అద్దాలన్నీ రాలిన రోజున ఊరంతటికీ తెలిసింది. పదహారేళ్ల పిల్లవని ఎవరూ అనలేదు, ప్రమాదకర వ్యక్తివన్నారు. ఫ్యాక్టరీల వెనుక ఉన్న మా శిబిరంలో నీతో కలిపి అలాంటి పిల్లలు ముప్పై ఎనిమిది మంది. నీ రాక సందర్భంగా అక్కడి కిటికీల అద్దాలు తీసి రేకులు బిగించారు. ఆ బిల్లు మీద సంతకం కూడా నాదే.

నీతో చెప్పనిది ఒకటుంది. నేనూ మీలో వాడినే. నేను మనసు పెట్టి చదివిన అక్షరం కాగితం మీద నిలవదు, చెరిగిపోతుంది. ఆరో తరగతిలో తెలుగు వాచకం తెల్లకాగితాలైతే మా నాన్న నన్ను చావగొట్టి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆ తరువాత పాఠాలు విని పరీక్షలు ప్యాసయ్యాను. ఉద్యోగంలో చేరాక ఏ ఫైలూ చదవకుండా సంతకం పెట్టాను. చదవనివాడి బల్ల మీద ఫైలు ఆగదు గనుక మూడు ప్రమోషన్లు వచ్చాయి. మీ అమ్మకు తప్ప ఇది ఎవరికీ తెలియదు. శిబిరం నుంచి నువ్వు రాసిన ఉత్తరాలు ఆమె చదువుతుంటే విన్నాను. నాన్న వాటిని ఒక్కసారైనా చేతిలోకి తీసుకున్నాడా అని నువ్వు అడిగిందీ విన్నాను. తీసుకోలేదు. నీ చేతిరాతను చదవకుండా ఉండలేను, చదివితే మిగలదు.

మంగళవారం ఉత్తర్వుల కట్ట వచ్చింది. అలవాటు ప్రకారం అన్నిటి మీదా సంతకం పెట్టాను. కట్టకు దారం చుడుతూ గుమాస్తా కనకరాజు నెమ్మదిగా అన్నాడు: "సార్, ఆఖరుది మీ బిడ్డ పేరు మీద ఉండె. మీకు ఎరుకనే అనుకున్న."

శాశ్వత నిల్వ అంటే నేల కింది గది. మొన్న సోమవారం ముగ్గురిని దించారు. వచ్చే సోమవారం నీ వంతు. దించినవారిని పైకి తెచ్చే ఫారం ఇంతవరకు అచ్చు వేయలేదు. ఇంటికి వెళ్లి చెబితే మీ అమ్మ ఏడవలేదు. "సదవకుండ సంతకం పెట్టుడే నౌకరీ అనుకున్నరు గదా. ఇగ ఒక్కసారి సదువున్రి," అన్నది.

చదువుతాను. శిబిరం రిజిస్టరులో పేరు లేనివారిని నిల్వకు పంపరాదని పదకొండో నిబంధన. రేపు భోజన విరామంలో రిజిస్టరు మొత్తం చదువుతాను. నీ పేరొక్కటే చదివి ఊరుకోవచ్చు. కానీ ఆ ఉత్తర్వులన్నిటి మీదా ఉన్నది నా సంతకమే.

దీన్ని కనకరాజు నీ చేతికిస్తాడు. రాసినది మళ్లీ చూసుకోలేదు. తప్పులుంటే మన్నించు.

నీ నాన్న,
గంగాధరరావు

*

నాచారం,
7 ఆగస్టు 1989

చిరంజీవి తారామణికి,

చిల్కానగర్‌లో మీ పెద్దమ్మ మల్లవ్వ ఇంటికి క్షేమంగా చేరావని మీ అమ్మ చెప్పింది. జరిగినది నీకు సగమే తెలుసు.

చదివాను. పదిహేను నిమిషాలు పట్టింది. ఇరవై రెండేళ్లలో నేను చేసిన ఆఫీసు పని అదొక్కటే. డైరెక్టరు జనార్ధనరావు గారు తెల్లబడిన పేజీలను వెలుతురుకు పట్టి చూసి సమావేశం పిలిచారు. పిల్లలనే పిలిచి పేర్లడిగితే సరిపోతుందని కనకరాజు అనబోయాడు. నోటితో చెప్పిన పేరు రికార్డు కాదని కూర్చోబెట్టారు. మూడు గంటల తరువాత తీర్మానం వెలువడింది: రిజిస్టరులో లేనివారు శిబిరంలో లేరు, లేనివారికి అన్నం పెట్టరాదు, లేనివారిని గేటు వద్ద ఆపరాదు. మీరు ముప్పై అయిదుగురూ మరునాడు నడిచి వెళ్లింది ఆ తీర్మానం మీదనే.

నేల కింది ముగ్గురి పేర్లూ ఆ పేజీల్లోనే ఉన్నాయి. చదివేటప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు. పేర్లు పోయాయి గనుక గది ఖాళీ అని రాశారు. ఖాళీ గదికి తాళం తీయడానికి అనుమతి లేదు. ఈ ఉదయం వాచ్‌మన్ ఉమాపతి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"కుండెడు నీళ్లే ఉన్నయి సార్ లోపల. తలుపు కొడుతున్రు. మొన్నటికంటె జర మెల్లగ కొడుతున్రు," అన్నాడు.

ఒకరిని లోపలికి పంపవలసి వస్తేనే ఆ తాళం తీస్తారు. పంపాలంటే రిజిస్టరులో పేరుండాలి. మొదటి పేజీ మొదటి వరుసలో నా పేరు, నా శక్తి రాశాను. పొరపాటున చదవకుండా కళ్లజోడు తీసి కనకరాజుకిచ్చాను. నన్ను నిల్వకు పంపే ఉత్తర్వు నేనే చెప్పి టైపు చేయించి సంతకం పెట్టాను. అందులో ఏమున్నదో తెలిసి పెట్టిన సంతకం నా సర్వీసులో ఇదే మొదటిది.

రేపు పదకొండు గంటలకు తలుపు తీస్తారు. మీ అమ్మ నీళ్లతో, అన్నంతో గేటు బయట ఉంటుంది. ఆ ముగ్గురినీ మీ దగ్గరికే తెస్తుంది. పడుకోవడానికి చోటు చూడు. నువ్వు మాత్రం ఇటు రావద్దు. కోపం తెచ్చుకోవద్దని చెప్పను, ఆ హక్కు నాకు లేదు.

తలుపు తీసినప్పుడు లోపలి నుంచి ఎవరైనా వస్తే ఏమి చేయాలని ఉమాపతి రాతపూర్వకంగా అడిగాడు. సాయంత్రానికి డైరెక్టరు గారి జవాబు వచ్చింది. కనకరాజు చదువుతుండగా విని, నకలు రాసి పంపుతున్నాను.

నీ నాన్న,
గంగాధరరావు

జతపరచినది: నిబంధన ముప్పై తొమ్మిది. తాళము ఒక్కసారి మాత్రమే తీయబడును. లోనికి పోవువాడు ఒక్కడై ఉండవలెను. గది ఖాళీగా ఉన్నందున బయటికి ఎవరును రారు; వచ్చినచో వారిని చూచుట సిబ్బందికి నిషిద్ధము. ఇదియే అంతిమము.