చప్పిడి చార్టు

ఏప్రిల్ 20

నాన్నకు బీపీ 170. ఆర్‌ఎంపీ మాత్రలు రాసిచ్చి, ఉప్పు తగ్గించమన్నాడు. తగ్గించడం అంటే ఎంత? చిటికెడు వేయమంటే మా అమ్మ గుప్పెడు వేస్తుంది. అందుకే మొత్తం మాన్పించాను. నాన్నకు వేరే గిన్నె, వేరే పప్పు. రోజుకు ఐదు లీటర్ల నీళ్లు. చార్టు రాసి వంటింటి గోడకు అంటించాను. బాటనీలో అరవైకి యాభై తొమ్మిది తెచ్చుకున్న పిల్లను ఇంట్లో పెట్టుకుని ఇంకెవరిని అడగాలి?

ఏప్రిల్ 27

నాన్న దొరికిపోయాడు. కాళ్లు దించి నేసే మగ్గం గుంటలో కూర్చుని ఊరమిరపకాయ నంజుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి! అరిచాను. ఇంకెప్పుడూ తిననని తల వంచుకుని చెప్పాడు. మిరపకాయల డబ్బా తీసుకెళ్లి కాలవలో పారేశాను. ఈ ఇంట్లో ఒక్కరికైనా ఆరోగ్యం అంటే భయం ఉండొద్దా?

మే 6, మధ్యాహ్నం

నలభై మూడు డిగ్రీలు. ఎమ్మిగనూరులో కుక్క కూడా రోడ్డు మీదికి రావడం లేదు. నాన్న మాత్రం మగ్గం దగ్గర ఫ్యాన్ వేయనివ్వడు. గాలికి పడుగు ఆరిపోయి పోగులు తెగుతాయట. గుంటలో నీళ్లు చల్లుకుని, ఆ ఉక్కలోనే నేస్తాడు. చొక్కా పిండొచ్చు. పిక్కలు పట్టేస్తున్నాయంటే ఇంకో లీటరు తాగించాను.

మే 10

అంచులో ఎర్ర పోగు పోవాల్సిన చోట పచ్చ పోగు పోయింది. అర గజం. నాన్న చెయ్యి తప్పడం నేను పుట్టాక ఎవరూ చూడలేదు. నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ చీర చూసి నవ్వాడు. శేషన్నా, మందు మానుకో అని చెప్పి పోయాడు.

మందట! చుక్క ముట్టని మనిషిని! రఘునాథ్ మామదీ అదే పాట. అమ్మ తమ్ముడు కదా, ఇంట్లో పెద్దరికం ఆయనదే. బావ తూలుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది, తాగకపోతే మరేంటి అంటాడు. నాన్న నోరు వాసన చూశాను. ఏమీ లేదు. సుంకులమ్మ మీద ఒట్టు, ఏమీ లేదు. అయినా అమ్మ తమ్ముడి మాటే నమ్మింది. అన్నం గిన్నె ముందు పెట్టి మొహం తిప్పుకుని పోయింది. ఒళ్లు మండిపోతోంది నాకు.

మే 11

మామతో మాట్లాడను. ఈ జన్మలో.

మే 12, ఆదోని, ఆసుపత్రి

పొద్దున నాన్నకు గుంటలోనే ఫిట్స్ వచ్చాయి. మామే ఎత్తి బయటికి తీశాడు. ఎమ్మిగనూరులో చూసి ఇక్కడికి పంపించారు. సోడియం 112. ఉండాల్సింది 135 పైన.

డాక్టర్ చెప్పింది రాస్తున్నాను. ఆ బీపీ మాత్రలు ఉప్పును మూత్రంలో పంపేస్తాయి. కొంత చెమటలో పోయింది. తిండిలో రాలేదు. పైగా అన్ని నీళ్లు. రక్తం పలచబడితే నీళ్లు కణాల్లోకి దూరతాయి, మెదడు ఉబ్బుతుంది. తూలింది అందుకు. పోగు తప్పింది అందుకు.

ఇదంతా నాకు తెలుసు! హైపోటానిక్ సొల్యూషన్. ఉబ్బిన కణం బొమ్మ గీశాను, లేబుల్స్ పెట్టాను, మార్కులు తెచ్చుకున్నాను. ఒక ATP ఖర్చుతో మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా నాన్న ఒంట్లో కూడా ఉండేవి ఆ కణాలేనని మాత్రం తట్టలేదు. దేనికి ఈ చదువు?

ఉప్పు ఎవరు మాన్పించారని డాక్టర్ అడిగారు. నీళ్ల బాటిల్ నింపుకొస్తానని బయటికి వచ్చేశాను.

మే 15

సెలైన్ చాలా మెల్లగా ఎక్కిస్తున్నారు. తొందరపడితే మెదడుకే దెబ్బట. సోడియం 126. నాన్నకు తెలివి వచ్చింది. డాక్టర్ మళ్లీ అదే అడిగారు. నాన్న నా వైపు చూడను కూడా చూడలేదు.

"నేనే మానుకున్యా సార్. ఇంట్లోవాళ్లు సెప్పినా ఇన్లేదు. పాపకేం తెల్దు."

మామ వార్డు అందరి ముందూ తిట్టాడు, చదువు రాని మొండి మనిషని. నాన్న ఆ మాటలన్నీ పడ్డాడు. అమ్మ కూడా నాలుగు అంది. నేను చార్జర్ వెతుకుతున్నట్టు సంచిలో తల పెట్టాను. థూ, నా బతుకు.

మే 16

చెప్పేశాను. రౌండ్స్ టైమ్‌లో, డాక్టర్, నర్సు, అమ్మ, మామ అందరూ ఉన్నప్పుడు. గోడ మీద చార్టు, పారేసిన మిరపకాయలు, అన్నీ. తిడతారనుకున్నాను. డాక్టర్ కేస్ షీట్‌లో రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు.

మే 18

సోడియం 136. నాన్న అందరితో మాట్లాడుతున్నాడు, నాతో తప్ప. పదిమందిలో తనను అబద్ధాలకోరును చేశానట.