చాయ్ ఒలికిందన్న అబద్ధం

మంగళవారం.

నేను మూత్రానికి లేస్తే మా సాంచెల మీద, అదే మరమగ్గాల మీద, తెగిన పోగు చూసేవాడుండడని నీళ్లు తాగడమే మానేశాను. అయినా పంచె తడుస్తూనే ఉంది. ఈ రోజు కోడలు దవాఖానకు తీసుకుపోయింది.

"నీళ్లు తాగాలె తాతా," అంది డాక్టరమ్మ. "మూత్రసంచి లోపలి పొర నరాలకు కబురు పంపుతది. మూత్రం చిక్కగైతే ఆ పొర మండుతది. సంచి నిండకున్నా నిండిందని నరాలకు చెప్తది. ఎన్నిసార్లు తడిసింది?"

"ఒక్కసారే," అన్నాను.

"రోజూ తడుస్తది డాక్టరమ్మా," అంది కోడలు మెల్లగా. "మామ చాయ్ ఒలికిందంటడు. పంచె పిండేది నేనే గద."

ఎవరి ముందూ తల వంచని వాణ్ని. చాయ్ ఒలికిందని నేనన్న ప్రతిసారీ ఆమె "పోనీ మామా" అనేది. రేపు పొద్దున ఆమెకు ముఖం ఎట్లా చూపించాలో... ఇవాళ్టి పంచె ఇంకా మంచం కిందే దాచి ఉంది.