వరహాలు గారు చనిపోరని ధ్రువపత్రం

మండల తహశీల్దారు వారి సముఖమునకు,
మల్కాపురం నివాసి ఉదయ్‌కుమార్, బీటెక్ (మెకానికల్), ప్రస్తుతం ఖాళీ, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వరహాలు, తండ్రి లేటు అప్పన్న, వయస్సు డెబ్బై నాలుగు, అను వ్యక్తి అద్దె ఇంట్లో ఉండగా చనిపోరని ధ్రువపత్రం మంజూరు చేయుట గురించి.

పై విషయం చదివి తమరు నవ్వినచో అభ్యంతరం లేదు. నేనూ మొదట నవ్వితిని.

1. సదరు వరహాలు గారు హార్బరులో కళాసీగా బస్తాలు మోసి వయసు మీరినవారు. సంతానం లేదు. మా ఎదురు పోర్షన్‌లో భార్య అసిరమ్మ గారితో కాపురముండెడివారు. కిందటి నెల అసిరమ్మ గారు నిద్రలోనే కాలం చేసినారు. వీధంతా ఏడుస్తుంటే ఇంటి ఓనరు గారు క్యాలెండరు తిరగేసినారు. శతభిషం! చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇల్లు నెలల తరబడి మూసి ఉంచాలన్న నమ్మకం తమకు తెలియనిది కాదు. పెద్దకర్మ భోజనాల ఆకులు ఎత్తగానే తలుపుకు తాళం పడింది. వరహాలు గారు ట్రంకు పెట్టెతో సహా వీధిలో ఉన్నారు. ప్రస్తుతం ఆ ఇంట్లో నక్షత్రం ఒక్కటే కాపురముంటున్నది.

2. మల్కాపురం నుంచి పెందుర్తి దాకా టు-లెట్ బోర్డున్న ప్రతి గేటూ తట్టినాము. అద్దె ఎంత ఇస్తారని ఒక్కరూ అడగలేదు. వయసెంత, భార్య ఏది, ఏ నక్షత్రంలో పోయింది అని అడిగారు. నా సలహా మేరకు ఆయన జుట్టుకు రంగు వేయించితిమి. అది చెమటకు చెవుల మీదుగా కారగా, పెందుర్తిలో ఒకాయన ఎక్కడినుంచి పారిపోయి వచ్చావని నిలదీసినాడు.

3. మొన్న వెంకటరమణమ్మ గారను మేడ ఓనరు మాత్రం గేటు తీసినారు. గోదావరి వైపు మనిషి, మర్యాద ఎక్కువ. జరిగిన సంభాషణ యథాతథంగా:

"వయసెంతండి?"

"అరవై అమ్మా. సుగర్ నేదు, బీపీ నేదు. మెట్లు గబగబా ఎక్కీగల్ను."

"అదంతా సరేనండి. మా ఇంట్లో ఉండగా పోరని ఎవరైనా రాసిస్తే తీసుకురండి. గవర్నమెంటు స్టాంపు ఉండాలండోయ్."

బయటికి వచ్చాక, "ఆవిడ జోకేసింది తాతా" అన్నాను.

"జోకు కాదు బాబూ. ఓపాలి అడిగిసూడు, ఏత్తారేమో స్టాంపు."

అందుచేత ఈ అర్జీ.

4. ప్రస్తుత నివాసం బస్ షెల్టరు. తెల్లారేసరికి దుప్పటి మీద హార్బరు బొగ్గుపొడి పేరుకుంటుంది. ఆయన బెంచీ అంచున కూర్చుంటారు. ప్రయాణికులెవరైనా వస్తే లేచి నిలబడతారు. దగ్గు వస్తే రోడ్డు దాటి అవతల దగ్గి వస్తారు. సుగర్ లేదు, బీపీ లేదని ఎవరూ అడక్కుండానే అందరికీ చెబుతున్నారు. బస్సు కండక్టరుకూ చెప్పినారు. ఓడ మీంచి కేకేస్తే ఒడ్డున వినబడే గొంతట ఒకప్పుడు. ఇప్పుడు పక్కన కూర్చున్నా వంగి వినాలి. నేను జోకులేస్తే నవ్వుతారు, నవ్వి వెంటనే చుట్టూ చూసుకుంటారు, ఎవరికైనా ఇబ్బంది అయిందేమోనని.

చనిపోరని రాసిచ్చు అధికారం తమకు లేనిచో, చనిపోయినా అభ్యంతరం లేని గది ఒక్కటి, ప్రభుత్వానిదైనా సరే, చూపించగలరు. సావకాశంగా పరిశీలించుటకు వ్యవధి లేనందున, తమరు నిలబడే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఉదయ్‌కుమార్

తా.క.: అయ్యా, పైదంతా నిన్న రాసింది. ఇవాళ పొద్దున టీ పట్టుకెళ్తే తాత అడిగాడు.

"నీ ఫోన్లో పంచాంగం ఉంటాది గదా బాబూ. ఈ నెల్లో మంచి నచ్చత్రం ఎప్పుడొత్తాదో సూడు."

"ఏటి తాతా, ఇల్లు దొరికిందా?"

"ఇల్లెందుకురా ఇంక. ఎవుల గుమ్మం కాడ పోయినా ఆల తలుపు మూతపడకూడదు గదా."

ఫోన్ చూశాను. రేపే ఉంది. ఈ నెల్లో ఒక్కటీ లేదు తాతా అని చెప్పాను. నా మొహంలోకి కాసేపు చూశాడు. దుప్పటి మడతపెట్టి, బెంచీ శుభ్రంగా తుడిచి, రామాలయం వైపు నడిచాడు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఎంత పిలిచినా రావడం లేదు.

పంతులుగారు సాయంత్రం హారతికి వస్తారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదండీ.