ఉప్పునీళ్ళ మెయిలు

నగరి, ఆడి నెల, శుక్రవారం

ఈ పొద్దు రాయకుండానే పండుకుందామనుకున్నాను. మనసొప్పలేదు.

నా దగ్గర నెట్‌లో చీర కొన్న బొంబాయి ఆమె, అది అందనే లేదని, కార్డు మీద కట్టిన డబ్బు బ్యాంకును వెనక్కి అడిగింది. నేను ఆధారం చూపేదానికి ఈ పొద్దే గడువు. కొరియర్ చీటీలో సంతకం వాచ్‌మన్‌ది, చెల్లదంట. చీర అందినాక "మొదటి ఉతుకు ఉప్పునీళ్ళలోనా?" అని ఆమే మెయిలు రాసింది. (రాళ్ళుప్పే వేయాలనేవాడు మా నాయన, అదొక పెద్ద కథ.) జవాబిచ్చి, అంగట్లో బేరం ముగిస్తే పలక తుడిచినట్టు, ఆ మెయిలూ నా జవాబూ రెండూ తుడిచేసినాను.

"అదొక్కటి ఉంటే గెలిచిందురు గదా పెద్దాయనా! యాడన్నా తుడుస్తారా?" అన్నాడు నెట్ సెంటర్ మునిరత్నం.

"నలభై ఏండ్ల అలవాటప్పా."

ఇంతా చేసి నా దిగులు, ఆ చీర రంగు దిగిందో లేదోనని...

ఆధారం లేదని బ్యాంకుకు టైపు చేయించినాను. ఇంటికొస్తే ఆ చీర నేసిన గోవిందు తిన్నె మీద కూర్చోనున్నాడు. కూలి ఇచ్చి పంపినాను.