సగం టిక్కు

ఇరవై మూడో తేదీ, ఆదివారం, సాయంత్రం

బావమరిదికి,

ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను. నువ్వు కులాసా అనీ, చెల్లాయి కన్ను ఆపరేషన్ తర్వాత కుదుటపడిందనీ తలుస్తాను. రెండంతస్తులు పైనున్న మనిషికి ఉత్తరమేమిటని నీకు నవ్వు రావచ్చు. నాలుగేళ్లుగా మూసుకున్న నోరు తెరవడం కన్నా కాగితం తేలిక.

మీ అక్క పోయి నెల కావస్తోంది. తన ఆఖరి రోజు సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. చెప్పవలసినవాణ్ణి నేనే.

ఆ రోజు ఆరింటికి లేచింది. టీ పెట్టింది. వరండాలో కుర్చీ వేసుకుని, పెన్సిలు పట్టుకుని పేపరు మొదలుపెట్టింది. ఆ పద్ధతి నీకు తెలుసుగా. ముందు తను చదవాలి. నేను చదవాల్సిన వాటికి టిక్కు పెట్టాలి, పనికిరాని వాటికి సున్నా చుట్టాలి. ముప్పై ఏళ్లు లైబ్రరీ నడిపిన మనిషి. రిటైరయ్యాక నేనొక్కణ్ణే పాఠకుణ్ణి మిగిలాను. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. కాకులు మనిషి ముఖాన్ని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాయట, వచ్చి చూడమంది. వస్తున్నానన్నాను. ముఖం కడుక్కుని వచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. పెన్సిలు కుర్చీ కింద పడి ఉంది. కాకుల వార్త పక్కన టిక్కు సగమే ఉంది. కిందికి దిగిన గీత ఉంది. పైకి లేచే గీత లేదు.

తర్వాత రెండు వారాలు పేపరు విప్పలేదు. గుర్తుల్లేని పేపరు చదవడం నాకు చేతకాదు. వందమంది ఒకేసారి మాట్లాడుతున్నట్టుంటుంది. ధరలు, ఎన్నికలు, కొత్త పుస్తకాలు, ఎవరో కనిపెట్టిన మందు. ఏది నమ్మాలో, ఏది నవ్వి వదిలేయాలో తేల్చేది తనే. నా అభిప్రాయాలనుకున్నవి చాలావరకు ఆ టిక్కులేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఒకరోజు గుమ్మం ముందు పేపరు తీస్తే గుర్తులున్నాయి. మంత్రిగారి హామీలకు సున్నా. లైబ్రరీలు మూసేస్తారన్న వార్తకు టిక్కు, అంచున ‘మళ్లీనా?’ అని. ఆ మాట తనది. ఆ రాత తనది. పేపరు పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాను.

పేపరు వేసే ఆయన్ని అడిగాను. ఇంటింటికీ విసరడానికే టైము చాలడం లేదు, ఇంక రాతకోతలు కూడానా సార్ అని నవ్వాడు.

అప్పట్నుంచీ రోజూ ఇంతే. నీళ్లు పరీక్షించే ల్యాబులో బతికినవాణ్ణి, కొలవనిదే నమ్మను. సొరుగులోంచి తన పెన్సిలు తీసి స్కేలు పెట్టి కొలిచాను. తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. పదకొండు రోజులు వరసగా కొలిచాను. వెంట్రుకవాసి తగ్గలేదు. పొద్దున్నే మెలకువ వస్తుంది. తలుపవతల పేపరు మడత విప్పుతున్న చప్పుడు. కాసేపటికి మళ్లీ మడత పెడుతున్న చప్పుడు. లేవను. లేస్తే ఆగిపోతుందని భయం.

నువ్వు ఫిజిక్స్ చెప్పే మనిషివి. ఇదేమిటో చెప్పగలవా?

ఇట్లు,
మీ బావ

తా.క.: పైన రాసిందంతా నిజమే. ఒకటి దాచాను. తలుపవతల ఉన్నది నువ్వేనని నాకు మూడో రోజే తెలిసింది. మీ నాయకుడి ప్రసంగానికి రెండు టిక్కులు పెట్టావు. ఆయన ఫొటో కనిపిస్తేనే పేజీ తిప్పేసేది మీ అక్క. పైగా నీ గీతలు వెనక పేజీలోకి దిగుతాయి. సుద్దముక్కకు అలవాటుపడ్డ చెయ్యి. రాత మాత్రం అక్కాతమ్ముళ్లది ఒక్కటే. ఆయన గురించే నాలుగేళ్ల కిందట మా ఇంట్లో భోజనాల దగ్గర నిన్ను అనరాని మాట అన్నాను. నువ్వు తింటున్న కంచం ముందునుంచి లేచిపోయావు. తప్పు నాది. తను పోయిన రోజు నువ్వు మెట్ల దగ్గర నిలబడి ఉంటే లోపలికి రమ్మని కూడా అనలేదు.

ఈ ఉత్తరం అందుకే అయితే ఇక్కడితో ఆపేవాణ్ణి. మొన్న గురు, శుక్రవారాలు చెల్లాయి ఆపరేషనుకి మీరిద్దరూ ఊళ్లో లేరని, ఇంటికి తాళం ఉందని వాచ్‌మన్ చెప్పాడు. ఆ రెండు రోజుల పేపర్ల మీదా గుర్తులున్నాయి. గీతలు వెనక పేజీలోకి దిగలేదు. పెన్సిలు కొలిచాను. రెండు మిల్లీమీటర్లు తగ్గింది. నిద్రలో నేనే పెట్టానేమోనని వేళ్లు చూసుకున్నాను. మరక లేదు.

మనం ఎవరి కోసం మాటలు మానుకున్నామో ఆ నాయకులిద్దరూ పొత్తు కుదుర్చుకున్న వార్త శుక్రవారం వచ్చింది. ఫొటోలో ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నవ్వుతున్నారు. దాని పక్కన సగం టిక్కు ఉంది. కిందికి దిగే గీత లేదు. పైకి లేచే గీత ఒక్కటే.

ఇది ఇప్పుడే తెచ్చి మీ తలుపు కింద తోస్తాను. రేపు నువ్వు పేపరు ముట్టుకోకు, ఊరికే వచ్చి నా పక్కన కూర్చో. ఐదింటికల్లా నేను తలుపు తీసి, పెన్సిలు గుమ్మం మీద పెట్టి, మూడు కుర్చీలు వేస్తాను.