మాస్కు తీస్తేనే చందా

కోరుట్ల, లాక్‌డౌన్‌లో ఇంకో శుక్రవారం

రేపటితో మా మహిళా సంఘం పంచే బియ్యం అయిపోతాయి. ఆఫీసుల చుట్టూ, సేట్ల చుట్టూ ఎంత తిరిగినా ఎవరూ పైసా విదల్చలేదు. చివరికి సాయంత్రం, దుబాయ్‌లో కూలి పనికి పోయిన మా వాడ రాజేశం ఫోన్ చేశాడు.

"అక్కా, లేబర్ క్యాంపుల మావోళ్లమంత చందా ఏసుకున్నం. రేపే పంపుత. గని బియ్యం తీసుకునేటోళ్ల మాస్కులు తీపిచ్చి, మొకాలు కనవడేటట్టు ఫొటోలు పెట్టు. లేకుంటె మావోళ్లు నమ్మరు."

ఒళ్లు మండింది. ఆ మాస్కే లేకపోతే సగం మంది వరుసలోకే రారు. అయినా "చూస్త" అని ఫోన్ పెట్టేశాను. బీడీల పని ఆగినప్పటి నుంచి రాజేశం భార్య లత కూడా ఆ వరుసలోనే నిలబడుతోంది. నిన్న సంచి అందుకుంటూ బతిమాలింది: "అక్కా, ఆయనకు చెప్పకు. ఇంట్ల అన్ని ఉన్నయని చెప్పిన. తెలిస్తే ఆడ బువ్వ ముట్టడు."

లతను ఫొటోలో పడకుండా తప్పించగలను. మరి మిగతావాళ్ల పరువో? ఫొటోలు పంపకపోతే ఎల్లుండి అందరూ పస్తే.

ఇందాక రాజేశం మెసేజ్ వచ్చింది: "ఫొటోలు మా లతతోని తీపియ్యక్కా. ఇంట్ల ఉత్తగనే ఉన్నది."